మీ బిల్లు లెక్కకు నమస్కారం

ఆసుపత్రి యాజమాన్యాలను తిట్టేవాళ్లే గానీ మెచ్చుకునేవాళ్లు కనబడరు. డిశ్చార్జి రోజున అందరం బిల్లు అడుగున ఉన్న అంకె చూసి గుండె పట్టుకుంటాం తప్ప, ఆ పైనున్న పేజీలు ఎంత పకడ్బందీగా తయారయ్యాయో చూడం. మా పిన్నిని ఓ పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఉంచినప్పుడు చేతికొచ్చిన కాగితాలు నేను కుదురుగా కూర్చుని చదివాను. సిరంజి, ఐవీ సెట్టు, క్యానులా, దాన్ని అంటించిన ప్లాస్టరు, గ్లౌజుల జత, అన్నీ తేదీతో, బ్యాచి నంబరుతో సహా ఉన్నాయి. వాడకుండా మిగిలిన రెండు ఇంజక్షన్ వయల్స్ ఫార్మసీకి తిరిగి వెళ్లినట్టు, వాటి డబ్బు బిల్లులోంచి తగ్గించినట్టు కూడా ఉంది. మనుషులు చేసే పనిలో ఇంత శుద్ధి అరుదు. ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను.

అయ్యా, ఈ శుద్ధి ఎలా వచ్చిందో కూడా చూశాను. రోగి గడప దాటగానే ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు లేనిదే ఫార్మసీలో దూదిపింజ కూడా కదలదు. డబ్బా మీది గీతలను యంత్రం చదువుతుంది. చీటీలో ఒకటి, చేతిలో ఇంకొకటి ఉంటే తెర ముందుకు సాగదు. డిశ్చార్జి కావాలంటే ఫార్మసీ, ల్యాబు, వార్డు, బిల్లింగు, ఇన్నిచోట్ల సరే అనాలి. కొత్తగా చేరిన గుమాస్తాను పాత గుమాస్తా పక్కన కూర్చోబెట్టి, పని చేతికొచ్చాకే సొంతంగా పాస్‌వర్డ్ ఇస్తారు. రాబడిలో ఎక్కడో చిల్లు పడిందని తెలిస్తే ఆడిటరు వచ్చి చిల్లు ఎక్కడుందో వెతుకుతాడు. మళ్లీ పడకుండా సాఫ్ట్‌వేర్ మారుస్తారు. ‘కుర్రాడు జాగ్రత్తగా ఉంటాడులే’ అని మీరు ఏనాడూ వదిలెయ్యలేదు. ఎంత జాగ్రత్తపరుడైనా అలిసిపోతాడని, పొరబడతాడని మీకు తెలుసు. ఆ తెలివిడికే నా నమస్కారం.

రోగి భద్రత గురించి పెద్దలు చెబుతున్నదీ ఇదే. అమెరికాలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 1999లో ఇచ్చిన నివేదిక, ఆసుపత్రుల్లో జరిగే పొరపాట్లకు మూలం ఎక్కువగా చెడ్డ మనుషుల్లో కాక చెడ్డ ఏర్పాట్లలో ఉందని తేల్చింది. మందుల వల్ల కలిగే, తప్పించదగ్గ తీవ్రమైన హానిని అయిదేళ్లలో సగానికి తగ్గించాలని 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిలుపునిచ్చింది. వాళ్లు కోరిన ఏర్పాటు మీ నేల అంతస్తులో, బిల్లింగు కౌంటరులో, రోజూ నడుస్తూనే ఉంది. మీకు చేతకాదని అనడానికి ఎవరికీ నోరు రాదు.

అదే మందు కౌంటరు దాటి వార్డులోకి వెళ్లాక చూడండి. అంతదాకా పేరూ నంబరూ ఉన్న మనిషి అక్కడ ‘పదకొండో బెడ్’ అయిపోతుంది. ‘సిస్టర్, పదకొండుకి యాంటీబయాటిక్ వేశావా?’ అని అడుగుతారు, ‘వేశాను డాక్టర్’ అంటుంది. సాయంత్రం పదకొండో బెడ్ ఆవిడను కిటికీ పక్కకు మార్చి ఆ మంచం మీదికి కొత్తావిడను తెస్తే, పదకొండు అంటే ఎవరు? ముంజేతికి కట్టిన పట్టీ మీద పేరూ నంబరూ ఉన్నాయి. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన దారి, సరైన వేళ అని అయిదు సూత్రాలు గోడ మీద రంగుల్లో ఉన్నాయి. కానీ మంచం దగ్గర తెర లేదు, ఆగడానికి. ఆపవలసింది ఆ డ్యూటీ అమ్మాయి ఒక్కతే.

ఇన్సులిన్ సంగతి తీసుకోండి. మన దేశంలో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాలూ దొరుకుతాయి, 100 యూనిట్లుండేవీ దొరుకుతాయి. మొదటిదాని సిరంజికి ఎర్ర మూత, రెండోదానికి నారింజ మూత. 100 బలం ఉన్న ఇన్సులిన్‌ను చేతికందిన ఎర్ర మూత సిరంజిలో పది గీత దాకా లాగితే రోగి ఒంట్లోకి వెళ్లేది పది కాదు, పాతిక యూనిట్లు. రాత్రిపూట చక్కెర పడిపోయి చెమటలు పడితే, నిద్రలో ఉన్న మనిషి నోరు విప్పి చెప్పలేదు. మీ స్టోర్సు వాళ్లు రెండు రకాల సిరంజిలనూ ఒకే అరలో పెట్టి పంపుతారు. బిల్లులో మాత్రం వాటికి రెండు వేర్వేరు కోడ్‌లున్నాయి; ధరలో రూపాయి తేడా ఉన్నా పట్టుకుంటారు.

ఇక పిన్ని వార్డులో రాత్రి డ్యూటీ చేసిన ఓ సిస్టర్‌ను మెచ్చుకోకుండా ఉండలేను. రాత్రి రెండు గంటలప్పుడు సెలైన్‌లో పొటాషియం కలపవలసి వచ్చింది. డబ్బాలో స్టెరైల్ వాటరూ పొటాషియం క్లోరైడూ పక్కపక్కనే ఉన్నాయి. రెండూ పది మిల్లీలీటర్లవే, రెండూ నీళ్లలాగే తేటగా ఉంటాయి. నీళ్ల బదులు పొటాషియం నేరుగా నరంలోకి వెళితే గుండె ఆగిపోతుంది. ఆవిడ ఆంపూల్‌ను లైటు కిందికి పట్టుకెళ్లి చదివింది, విరగ్గొట్టే ముందు మళ్లీ చదివింది, కలిపాక ఖాళీది పారెయ్యకుండా ముచ్చటగా మూడోసారి చదివింది. సెలైన్ సీసాకు ప్లాస్టరు ముక్క అంటించి మందు పేరు, ఎంత కలిపిందీ, టైమూ రాసింది. మిగిలిన పొటాషియం ఆంపూల్స్ అన్నీ ఏరి ఓ ఖాళీ బిస్కెట్ డబ్బాలో వేసి, పైన ఎర్ర సిరాతో ‘చూసి తియ్యి’ అని రాసి పెట్టుకుంది. అడిగితే, ‘నేను లేనప్పుడు కొత్త పిల్లలు కంగారుపడతారండీ’ అంది.

ఎవరూ నేర్పకుండా, ఎవరూ అడక్కుండా ఆవిడ చేసినది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే ఆసుపత్రులకు చెప్పిన పనికి తొలి మెట్టు. గాఢమైన పొటాషియం ద్రావణాన్ని మామూలు వార్డుల్లోంచి తీసేసి ఫార్మసీ అదుపులో ఉంచాలని, వీలైనచోట కలిపి సిద్ధం చేసినదే పంపాలని ఆ సంస్థ అంది. ఆవిడకు చేతులెత్తి దండం పెడతాను. ఆ బిస్కెట్ డబ్బాను మెచ్చుకునేకొద్దీ, అది ఆవిడ కొనితెచ్చుకున్న డబ్బా అన్న సంగతి మీకు గుచ్చుకోవాలనే నా కోరిక.

ఆవిడ మందులు ఇస్తున్నంతసేపూ ఫోను మోగుతూనే ఉంది. ల్యాబు నుంచి ఒకటి, ఎక్స్‌రే నుంచి ఒకటి, బిల్లింగు నుంచి మరొకటి: ‘సిస్టర్, తొమ్మిదో బెడ్ రిటర్న్స్ ఇంకా పంపలేదేం?’ ఆస్ట్రేలియాలోని సిడ్నీలో రెండు పెద్ద ఆసుపత్రుల్లో నర్సులు మందులిచ్చే తీరును నాలుగు వేలకు పైగా సందర్భాల్లో దగ్గరుండి గమనించి, 2010లో ఫలితాలు ప్రచురించారు. సగానికి పైగా సందర్భాల్లో ఎవరో ఒకరు మధ్యలో పలకరించారు; అంతరాయాలు పెరిగేకొద్దీ తప్పులూ పెరిగాయి. మీ క్యాషియరు నోట్లు లెక్కపెడుతున్నప్పుడు ఎవరూ పలకరించకుండా అద్దాల గది కట్టించారు. మంచి పని చేశారు. మందులు కలిపే బల్ల మాత్రం నడవా మధ్యలో ఉంది.

తప్పు జరిగాక ఏమవుతుందన్నది ఇంకా ముఖ్యం. బిల్లులో తప్పు దొరికితే ఏర్పాటు మారుతుందన్నాను. మోతాదులో తప్పు జరిగిందని ఓ నర్సు తనంతట తాను చెబితే మెమో వస్తుంది, జీతం కోత పడుతుంది. అందుకని రెండోసారి ఎవరూ చెప్పరు. చెప్పనందువల్ల మీ రిజిస్టరులో పొరపాట్ల గడి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీ గడిని చూపించి మీటింగులో చప్పట్లు కొట్టుకోవడం చాలా ప్రమాదం. మందులు వికటించిన సంగతులు చెప్పుకోవడానికి కేంద్ర ప్రభుత్వమే 2010 నుంచి ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం నడుపుతోంది, టోల్‌ఫ్రీ నంబరూ ఇచ్చింది. 1800-180-3024 అన్న ఆ నంబరు మీ వార్డు గోడ మీద, అయిదు సూత్రాల పక్కన, పట్టేంత జాగా ఉంది.

ఇక శిక్షణ మాట. అక్రెడిటేషన్ తనిఖీ దగ్గర పడ్డాక ఓ వారం రోజులు క్లాసులు జరుగుతాయి, హాజరు పట్టీలో సంతకాలు పడతాయి. కోర్సు పూర్తిచేసి వచ్చిన అమ్మాయి మాత్రం చేరిన వారంలోనే ఒంటరిగా నైట్ డ్యూటీ ఎక్కుతుంది. గుమాస్తాకు ఇచ్చిన పాత చెయ్యి తోడు ఈ పిల్లకు ఎందుకు ఉండదంటే, పాత చేతులు నిలవవు గనుక. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం మేరకు వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సులకు ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఉండాలని సిఫారసు చేసింది. మీకు ఎన్ని పడకలున్నాయో మీకంటే బాగా ఎవరికీ తెలియదు. జీతం చాలక అయిదేళ్ల అనుభవం ఉన్న సిస్టర్ గల్ఫ్‌కో జర్మనీకో వెళ్లిపోతే, ఏ ఆంపూల్‌ను ఎందుకు విడిగా పెట్టాలన్న తెలివీ ఆవిడతోనే విమానం ఎక్కుతుంది.

అందుకే అడుగుతున్నాను. ముంజేతి పట్టీని చదివే యంత్రం మీ దగ్గరే ఉంది; దాన్ని మంచం దాకా తీసుకురండి. ఇన్సులిన్, పొటాషియం, హెపారిన్ లాంటి ప్రమాదకరమైన మందులకు ఇద్దరు సిస్టర్లు విడివిడిగా లెక్కగట్టి చూసుకునేంత మందిని డ్యూటీలో వెయ్యండి. పొరపాటు చెప్పిన పిల్లకు మెమో ఆపండి. ఇవి చెయ్యడానికి కొంత కాలం, కొంత ఖర్చు అవుతాయని నాకూ తెలుసు. పొటాషియం ఆంపూల్స్‌ను వార్డు అల్మారాల్లోంచి ఫార్మసీకి తరలించడానికి మాత్రం బడ్జెట్టు అక్కర్లేదు. మీ సంతకంతో ఒక్క సర్క్యులరు చాలు, ఇవాళ భోజనాల వేళ లోపే పంపొచ్చు.