గేటు దాకా రాని దొంగ

రాజపాళయం కుక్క సంగతి లోకానికి తెలిసిందే. తెల్లటి ఒళ్ళు, గులాబి ముక్కు, కొత్త మనిషి గడప తొక్కితే పిక్క పట్టే గుణం. 2005లో తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు కూడా వేసింది. అంతటి వీరుడు ఇప్పుడు వసారాలో ఈగలు తోలుకుంటూ పడుకున్నాడు. పాపం, ఏం చేస్తాడు? వచ్చేవాడు గేటు ముట్టుకోకుండా నేరుగా యజమాని చెవిలోకే దూరుతున్నాడు.

“సార్, పర్సనల్ లోన్ కావాలా?”

విజయనగర కాలంలో ఈ రాజపాళయానికి దిగివచ్చిన మా రాజుల ఇళ్ళలో తెలుగు, వీధిలో తమిళం. ఫోనువాడిది మాత్రం హిందీ. అర్థం కాలేదంటే తమిళం వచ్చిన పిల్లకు అందిస్తాడు. తెలుగులో తిడదామా అంటే అవతల అర్థమయ్యే నాథుడు లేడు; తిట్టిన తృప్తి కూడా దక్కదు. మా పెద్దమ్మల పద్ధతే మేలు. “ఏ ఊరు నాయనా? పెళ్ళయిందా? జీతమెంత?” అని తమిళంలో మొదలుపెడతారు. మూడో ప్రశ్నకు వాడే పెట్టేస్తాడు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007 నుంచీ వెతుకుతున్న మందు ఇదే.

ట్రాయ్ ఊరికే కూర్చుందని కాదు. ఆ ఏడాదే, కాల్స్ వద్దు మొర్రో అనేవాళ్ళ జాబితా తెరిచింది. అంటే పేరు రాయించుకోవలసింది దొంగ కాదు, ఇంటాయన! 2018 నిబంధనలు మరీ ఉదారం. బ్యాంకులా, ఇళ్ళ స్థలాలా, చదువులా, ఏ సరుకు పేరు చెప్పి, ఏ రోజున, ఏ వేళకు మనల్ని విసిగించవచ్చో మనమే ఎంచి చెప్పుకోవచ్చు. రాహుకాలంలో కొత్త బేరం ముట్టని ఊరికి ఇంతకన్నా ఏం కావాలి? సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది వరకు బీమావాళ్ళు వద్దు, ఆ తర్వాత శుభం. రాత్రి షిఫ్టు దిగి పదకొండు గంటలకు ఒళ్ళెరగక నిద్రపోతున్న స్పిన్నింగు మిల్లు మనిషి లేచి 1909 నంబరుకు ఫోను చేసి ఇవన్నీ చెప్పుకుంటాడని దొరల నమ్మకం.

బుద్ధిమంతుడైన అమ్మకందారు 140తో మొదలయ్యే నంబరు నుంచే చేయాలి. అది చూడగానే ఎవరూ ఎత్తరు. ఎత్తరు గనుక వాడూ బుద్ధి మానేసి మామూలు పదంకెల నంబరు కొనుక్కుంటాడు. బ్యాంకులకు 1600 కేటాయించారు. అసలు బ్యాంకు దాన్నుంచి చేస్తే కట్ చేస్తాం. దొంగ పోలీసు టోపీ పెట్టుకుని వీడియో కాల్‌లోకి వస్తే లేచి నిలబడతాం.

రిజిస్టరు కాని ఈ పదంకెలవాణ్ణి పట్టించే దారీ ఉంది. మునుపు వారంలో పది ఫిర్యాదులు పడితేగాని కదిలేవారు కాదు. 2025 ఫిబ్రవరి సవరణతో పది రోజుల్లో ఐదు చాలన్నారు. మర్రిచెట్టు కింద పంచాయతీ లెక్కే. కాకపోతే కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు చెప్పాలి. మా వీధిలో ఐదుగురిని ఒక మాట మీద నిలబెట్టడం, 1949 నుంచి 1952 దాకా మద్రాసు ప్రభుత్వాన్నే నడిపిన మా ఊరి కుమారస్వామి రాజా గారికైతే సాధ్యమేమో.

నేనూ ఇల్లిల్లూ తిరిగాను. నలుగురం తేలాం. ఐదో ఆయన రానన్నాడు. వడ్డీ తక్కువని అదే నంబరువాడి దగ్గర లోను తీసుకున్నాడట.