అద్దకం షెడ్డు యజమానులకు చవక చిట్కాలు

సిరిసిల్లలోనో చీరాలలోనో రంగుల షెడ్డు తెరిచారా? శుభం! పనివాళ్ల ఊపిరి కోసం రూపాయి కూడా తియ్యకుండా నెట్టుకురావచ్చు. ఇలా చెయ్యండి.

1. రియాక్టివ్ రంగు పొడిగానే కొనండి. దుమ్ము లేవని ద్రవరూపంలోనూ దొరుకుతుందని ఎవరికీ చెప్పకండి. తూకం పని కొత్త కుర్రాడికి ఇవ్వండి. డబ్బా ఎత్తి బకెట్‌లోకి గుమ్మరించమనండి. పక్కనే ఫ్యాను వెయ్యండి. టీ గ్లాసు అంచున ఎర్రగా పేరుకుందంటే గాలి బాగా ఆడుతున్నట్టే.

2. మాస్కు అడిగితే రుమాలు కట్టుకోమనండి. సన్నపొడి దాన్ని లెక్కచెయ్యదు, అయినా చూపులకు బాగుంటుంది. అసలు మాస్కులు కవరు చించకుండా మేకుకు తగిలించండి. దుమ్ము పుట్టినచోటే లాగెయ్యాలని పాత ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షన్ అనేది. ఇన్‌స్పెక్టరుగారికి ఆ మేకు చూపించండి.

3. సాయంత్రం తలా ఓ బెల్లంముక్క పంచండి. అది కడుపులోకే పోతుంది, ఊపిరితిత్తుల వైపు తొంగికూడా చూడదు. కానీ ఎగ్జాస్టు కన్నా ఎంత చవక!

4. దగ్గును బీడీ మీదకు తొయ్యండి. బీడీ తాగనివాడైతే చలి. ఎండాకాలమైతే ఆవకాయ.

5. ఆదివారంతో జాగ్రత్త. సెలవునాడు తేలిగ్గా ఉండి, సోమవారం తూకం దగ్గర పిల్లికూతలు మొదలైతే వాడికి లెక్క తెలిసిపోతుంది. ఆదివారమూ పనికి పిలవండి. రంగుపొడితో వచ్చే ఈ ఉబ్బసం ఒక్కోసారి కొన్ని గంటలు ఆగి రాత్రిపూట రేగుతుంది. అప్పుడు అది ఇంటి దగ్గు, మనకు సంబంధం లేదు.

6. "ఇన్నాళ్లు లేనిది ఇప్పుడేంట్రా?" అని గద్దించండి. ఒంటికి రంగు సరిపడకుండా పోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది గనక ఈ ప్రశ్నకు తిరుగులేదు. ఆపైన చిటికెడు పొడి సోకినా ఆయాసమే. రంగుకు తొందరగా దూరం చేస్తే చాలామంది కుదుటపడతారు, ఆలస్యమైతే జబ్బు పాతుకుపోతుంది. కాబట్టి పని మార్చమంటే "సీజను అయ్యాక చూద్దాం" అనండి. దసరా పోతే సంక్రాంతి, సంక్రాంతి పోతే పెళ్లిళ్లు. మన సీజను ఎప్పుడైనా అయిందా?

7. డాక్టరు ఏం పని చేస్తావని అడిగితే "కూలిపని" అనమనండి. రంగు మాట ఎత్తకూడదు.

8. చివరిగా, పీక్ ఫ్లో మీటరు అనే చిన్న ప్లాస్టిక్ గొట్టం ఉంది. పనిరోజుల్లో కొన్నిసార్లు, సెలవుల్లో కొన్నిసార్లు ఊది అంకెలు రాసుకుంటే గుట్టంతా కాగితం మీద పడుతుంది. దాన్ని షెడ్డు గుమ్మం తొక్కనివ్వకండి.