శాలువా మీకు, సర్వే నెంబరు మాకు

2026 మొత్తం మహిళా రైతులదేనట. ఐక్యరాజ్యసమితి అంతటిది చెప్పాక మన నెల్లూరు ఊరుకుంటుందా? ఇక ఫ్లెక్సీలు, శాలువాలు, చెంగు నడుముకు దోపి నవ్వుతూ నాటు వేసే ఆడవాళ్ల బొమ్మలు. ఆ నవ్వెక్కడ దొరికిందో గానీ విడవలూరు కయ్యల్లో నడుం వంచిన మనిషి మొహాన నేనైతే చూడలేదు.

డ్రోన్ కూడా ఇచ్చారు కదా. 80 శాతం రాయితీ, ఎనిమిది లక్షల దాకా. దేశం మొత్తం మీద 15,000 మహిళా సంఘాలకు ఇస్తామన్నారు. ఎగరేసి చూస్తే ఊరి పొలాలన్నీ తెర మీద కనబడతాయి. ఇది మామది, అది బావది, గట్టవతలది పెద్దన్నది. మరి నీదేదమ్మా అని మాత్రం అడక్కూడదు, బ్యాటరీ అయిపోతుంది. నేల మీదుంటే వాటా అడుగుతుందని గాల్లో పనిచ్చినట్టున్నారు.

అసలు మహిళా రైతు సన్మానం చూడాలంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకెళ్లండి. చెన్నై నుంచో బెంగళూరు నుంచో పిలిపించిన అక్క కారు దిగుతుంది. ఏడాదికోసారి కూడా ఫోన్ చేయని తమ్ముడు ఆ రోజు గొడుగు పడతాడు. ‘ఎండలో నిలబడొద్దక్కా’ అంటాడు. వదిన మజ్జిగ తెస్తుంది. అక్కకు ఏ కాగితమూ చదివి వినిపించరు, ఎక్కడ సంతకం పెట్టాలో మాత్రం వేలు పెట్టి చూపిస్తారు. హక్కు విడుదల పత్రం! విడుదలయ్యేది హక్కో అక్కో రాసిన డాక్యుమెంటు రైటరుకే తెలియాలి.

తర్వాత ఇంట్లో చేపల పులుసు, పట్టుచీర. చీర ఖరీదును ఆమె వదులుకున్న ఎకరాలతో భాగించి చూడండి, నెల్లూరు జిల్లాలో ఇంత చవగ్గా భూమి ఇంకెక్కడా దొరకదు. అడిగితే సిద్ధంగా ఓ జవాబుంటుంది: ‘పెళ్లప్పుడే పసుపుకుంకుమ కింద ఇచ్చాం గదా!’ ఎక్కడిచ్చారయ్యా? నోటితో ఇచ్చారు. కాగితం మీద ఇచ్చినచోట, అల్లుడు వ్యాపారమంటూ దాన్నీ అమ్మించాడు. ఆ అమ్మకానికీ ఆమె సంతకమే కావలసి వచ్చింది.

ఇలాంటి చోట్లకు సాక్షి సంతకానికి నన్నూ పిలుస్తుంటారు. వెళ్లను. తోబుట్టువు వాటాను చీర పెట్టి తీసుకోవడం దొంగతనం. దానికి పుట్టింటి ప్రేమని పేరు పెట్టుకుంటే సిగ్గు పోదు. ఎన్టీఆర్ చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచే, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చింది. 2005లో కేంద్ర చట్టం దేశమంతా ఇచ్చింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చేదేనని 2020లో సుప్రీంకోర్టు ఇంకోసారి చెప్పింది. అన్నదమ్ములకు మాత్రం ఇంకా వినపడలేదు! 2015-16 వ్యవసాయ గణనలో ఆడవాళ్లు సాగుదారులుగా నమోదైన కమతాలు దేశంలో నూటికి పద్నాలుగు. పిఎం కిసాన్ డబ్బులేమో పట్టా ఎవరిదైతే వాళ్లకే. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల లీజు డబ్బు మగవాళ్ల చేతికి, రొయ్యలు ఒలిచే కూలి ఆడవాళ్ల చేతికి.

అప్పు కావలసినప్పుడు చూడాలి ఈ దేశం ఆడవాళ్లను ఎంత నమ్ముతుందో! సంఘం ఆమెది, సంతకం ఆమెది, వాయిదా ఆమెది. ఆడవాళ్లు సారా దుకాణాల మీదికి లేచిన దూబగుంట ఈ జిల్లాలోదే. ఆ తర్వాత, 1993లో, రోజుకో రూపాయి దాచి పొదుపులక్ష్మిని నిలబెట్టిందీ ఈ జిల్లా ఆడవాళ్లే. ఆ రూపాయితో మొదలుపెట్టి వాళ్లు తెచ్చిన అప్పులు ఎవరి కయ్యల్లో ఎరువులయ్యాయో బ్యాంకువాళ్లు అడగరు. ఆ కయ్యల పట్టాదారు పాసుపుస్తకం అట్ట మీద ఎవరి బొమ్మ ఉండాలన్నది 2024లో ఎన్నికల గొడవే అయింది. లోపల ఎవరి పేరుండాలో ఒక్క సభలోనూ ఎవరూ అడగలేదు.

ఈ ఏడాది సభ పెట్టే అధికారులకు ఒక మనవి. వేదిక పక్కన ఒక బల్ల వేసి సబ్ రిజిస్ట్రారును కూర్చోబెట్టండి. పసుపుకుంకుమ కింద ఇచ్చామన్న పొలాలన్నీ అక్కడే రాయించండి. రాసిచ్చిన తమ్ముడికే శాలువా కప్పండి, ఫ్లెక్సీ మీద ఫొటో కూడా వాడిదే వేయండి. మాకేం అభ్యంతరం లేదు.