నంది హిల్స్‌లో సంస్కృతి, చౌరస్తాలో తాగుడు

"మేం తాగడానికి పోలేదండీ, వైన్‌ను ఆస్వాదించడానికి పోయాం" అంటారు బెంగళూరు దగ్గరి నంది హిల్స్ నుంచి తిరిగొచ్చిన హైదరాబాదు దంపతులు. ఈ మాట చెప్పేటప్పుడు వాళ్ళ గొంతులో కాశీకి పోయొచ్చినంత నిదానం ఉంటుంది. ద్రాక్షతోటలో నడిచారట. ఓక్ పీపాల మధ్య నిలబడ్డారట. గ్లాసు గిరగిరా తిప్పి, అందులో ముక్కు దూర్చి, తడిసిన అడవినేల వాసన, పాత తోలు వాసన పట్టారట. ఒక గుక్క పుక్కిలించి పక్కనున్న బకెట్లో ఉమ్మారట. ఆ తర్వాత చీజ్ ముక్కలతో మూడు గంటల భోజనం. దీన్ని తాగుడంటే కళ్ళు పోతాయి.

సరే, అనొద్దు. కానీ ఆ దంపతుల కారు 44వ నంబరు జాతీయ రహదారి మీదే కదా పోయింది? కర్నూలు ఇంకా రాకముందే ఆలంపూర్ చౌరస్తా తగిలే ఉంటుంది. అక్కడ వైన్స్ ముందు నిలబడ్డ లుంగీలను చూసి "ఛీ, పొద్దున్నే" అని అద్దం ఎత్తుకునే ఉంటారు. నా ఫిర్యాదల్లా ఆ అద్దం మీదే. దేశంలో అసలైన వైన్ యాత్ర ఏదైనా జరిగిందంటే అది ఈ చౌరస్తాకే జరిగింది. చరిత్రకారులు పట్టించుకోలేదు, అంతే.

2019 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మద్యం షాపులను తన చేతిలోకి తీసుకుంది. దశలవారీ నిషేధం దాని మాట. తెలిసిన బ్రాండ్లు ఒక్కొక్కటే మాయమై, అలమరల్లో ఎన్నడూ వినని పేర్లు వెలిశాయి. 2020 మేలో ముందు 25 శాతం, వెంటనే ఇంకో 50 శాతం ధర పెరిగింది. తుంగభద్ర వంతెనకు ఇవతల, తెలంగాణలోని ఈ చౌరస్తాలో మాత్రం పాత పేర్లు, పాత రుచి. కర్నూలు కదిలింది. కొత్త సరుకు ఒక్క గుక్క తాగి "ఇది మనది కాదప్పా" అని మూత బిగించి బండి తీసినవాడికి బకెట్ అవసరం పడలేదు, అడవినేల కూడా గుర్తుకు రాలేదు.

ఆ సెప్టెంబరులో హైకోర్టు, పొరుగు రాష్ట్రం నుంచి మనిషికి మూడు సీసాలు తెచ్చుకోవచ్చంది. కర్నూలు కుటుంబాల్లో అంతటి అనుబంధం మళ్ళీ కనిపించలేదు. కారుకు అయిదుగురు, అయిదు మూళ్ళు పదిహేను! ఏనాడూ గడప దాటని అవ్వకు ఆలంపూర్ జోగులాంబ దర్శనభాగ్యం కలిగింది. అక్టోబరు ఆఖరుకు ప్రభుత్వం ఆ మూడూ కుదరవు, పర్మిట్ ఉండాలంది. దాంతో పంచలింగాల చెక్‌పోస్టులో అవ్వ సంచీ కూడా విప్పించారు. ఆ రోజుల్లో పట్టుబడిన సీసాలను నేల మీద పరిచి రోడ్డు రోలర్ ఎక్కించడం రాష్ట్రంలో ఒక వేడుక. యూరప్‌లో వైన్ కోసం ద్రాక్షపండ్లను తొక్కేవాళ్ళు. మనం ఇంకో అడుగు ముందుకేసి, తయారైన సరుకునే సీసాతో సహా తొక్కించాం.

2024 అక్టోబరు 16న ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు షాపులు మళ్ళీ వచ్చాయి, 99 రూపాయల క్వార్టరూ వచ్చింది. అవ్వకు దర్శనాలు తగ్గాయి.

వైన్ పండితులు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు: నేల గుణం ఏదీ? సీసాలో మట్టి పలకాలంటారు వాళ్ళు. కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డకు మట్టి కొరత లేదు. కాకపోతే చౌరస్తా సీసాలో పలికేది చాలావరకు చక్కెర ఫ్యాక్టరీ మడ్డి. ద్రాక్ష మాటకొస్తే, ఒకప్పుడు హైదరాబాదు చుట్టూ అనాబ్-ఎ-షాహీ పందిళ్ళు విరగకాసేవి. ఇప్పుడు అక్కడ విల్లాలు కాస్తున్నాయి. వాటిలో కాపురముండేవాళ్ళే ద్రాక్షతోట ఎలా ఉంటుందో చూడటానికి అయిదొందల కిలోమీటర్లు పోతున్నారు.

ఇక ఆ నాలుకల సంగతి. ఫ్రాన్సులోని బోర్డోలో ఫ్రెడరిక్ బ్రోషే అనే పరిశోధకుడు వైన్ చదువు చదివే 54 మంది విద్యార్థుల ముందు తెల్ల వైన్‌లో ఎర్రరంగు కలిపి పెట్టాడు. వాళ్ళు దాన్ని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. 2001లో ఇది అచ్చయింది. అయినా ముక్కులు గ్లాసుల్లోంచి బయటికి రాలేదు.

నేల రుచే కావాలంటే పాలమూరులో ఈతకల్లు ఉంది. పొద్దున దింపింది సాయంత్రానికే ముదురుతుంది, ఓక్ పీపా కోసం ఆగదు. చిక్కేమిటంటే చెట్లు తక్కువ, కల్లు ఎక్కువ. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రాజోలం కలిపారని ఎక్సైజు వాళ్ళు కేసులు పెడుతూనే ఉన్నారు. ఆ జోడింపు గురించి పండితులు ఇంకా రాయాల్సి ఉంది.

జోడింపు అంటే తిండి సంగతి చెప్పాలి. నంది హిల్స్‌లో ఏ వైన్‌కు ఏ చీజో చెప్పడానికి నల్లకోటు మనిషి ఉంటాడు. చౌరస్తాలో వైన్స్ పక్కనున్న పర్మిట్ రూములో చిరిగిన బనీను పిల్లోడు ఉంటాడు. "అన్నా, పల్లీలా, గుడ్డా?" అంటాడు. క్వార్టర్‌కు ఉడకబెట్టిన పల్లీలు, ఆఫ్‌కు మిర్చి బజ్జీ, జీతం పడ్డరోజు బోటి. ఉల్లిగడ్డ, నిమ్మచెక్క అడక్కుండానే వస్తాయి. మర్నాడు పొద్దున్నే కర్నూల్లో ఉగ్గాని. ఇంత పక్కా క్రమానికి ఏ పత్రికా రెండు పేజీలు ఇవ్వలేదు.

తీరిగ్గా చూడటం తమ ప్రత్యేకత అంటారు యాత్రికులు. చౌరస్తా నుంచి లోపలికి కొద్ది దూరంలోనే బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలున్నాయి. పేరుకు బ్రహ్మలు, లోపల అందరూ శివుళ్ళే. ఎనిమిదింటికి ఉత్తరాది శిఖరాలు, తారకబ్రహ్మకు ఒక్కదానికే దక్షిణాది విమానం. ఎనిమిదేళ్ళ వైన్‌కు కళ్ళు మూసుకుని పరవశించేవాళ్ళు పదమూడు వందల ఏళ్ళ రాతిని నూరు స్పీడులో దాటేస్తారు. ఈ ఒక్క విషయంలో లుంగీలకూ, లినెన్ చొక్కాలకూ తేడా లేదు.

శ్రీశైలం జలాశయం నీళ్ళొస్తాయని కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపూర్ తెచ్చి కట్టారు. మద్యం షాపులు కదలడానికి మాత్రం సుప్రీంకోర్టు కావాల్సి వచ్చింది. 2016 డిసెంబరులో రహదారికి 500 మీటర్ల దూరం అంది, ఆ తర్వాత చిన్న ఊళ్ళకు 220కి దించింది. ఆ 220 మీటర్లు ఎండలో నడిచిపోయే మనిషిని మనం తాగుబోతంటాం. నంది హిల్స్‌లో అదే నడకకు టికెట్ పెట్టి వైన్ ట్రెయిల్ అంటారు.

మూత తీయకుండానే మత్తెక్కించుకునే రసికుడు ఒకడున్నాడు, అతనికి పోటీ లేదు. 2023లో తెలంగాణ ప్రభుత్వం 2,620 షాపులకు లాటరీ పెడితే లక్షకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఒక్కోదానికి 2 లక్షలు, షాపు రాకున్నా తిరిగివ్వరు. మొత్తం 2,600 కోట్లు దాటింది, అదీ ఒక్క చుక్క పోయకుండా. గ్లాసు ఊరికే వాసన చూసి పక్కన పెట్టడమంటే ఇదీ.

తిరుగుదారిలో లినెన్ చొక్కాను పోలీసు ఆపితే ఆయన తప్పకుండా వివరిస్తాడు: తోట, పీపా, అడవినేల, పాత తోలు. బకెట్లో ఉమ్మిన సంగతి కూడా చెబుతాడు. కానిస్టేబుల్ ఓపిగ్గా విని గొట్టం నోటికి అందిస్తాడు. ఆ మిషన్‌లో ద్రాక్షకు ఒక గడి, మడ్డికి ఒక గడి లేవు. వెనకాలే లుంగీ బండి ఆగి ఉంటుంది, తర్వాతి వంతు దానిదే.