తల లేని స్క్రూ, తలకెక్కిన నేను

మనలో మాట. చేతికో టూల్‌కిట్ చిక్కిందంటే చాలు, ఇంట్లో ప్రతి వస్తువూ నావైపే దీనంగా చూస్తున్నట్టుంటుంది.

మా వెట్ గ్రైండర్‌లో మోటారు తిరుగుతోంది, రాయి కదలడం లేదు. బెల్టు బాగానే ఉంది. మోటారు షాఫ్టు మీద పుల్లీని పట్టి ఉంచే గ్రబ్ స్క్రూ వదులైంది, అంతే. తలంటూ లేకుండా పుల్లీలోకి పూర్తిగా మునిగిపోయే బుల్లి స్క్రూ. "మెకానిక్‌ని పిలుద్దామండీ" అంది మా ఆవిడ. మర్నాటి ఇడ్లీలకి మినప్పప్పు నానుతోంది, సాయంత్రానికి మావగారు దిగుతున్నారు. "దీనికి మెకానిక్కా!" అన్నాను.

ఉన్నదాన్ని బిగిస్తే సరిపోయేది. బుద్ధి ఉంటే కదా! ఊడదీసి చూస్తే నల్లగా, జిడ్డుగా ఉంది. విసిరేసి హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాను.

"ఏ పాయింట్ సార్?" అన్నాడు షాపతను. అడిగిందే చాలు, అంతా ఒప్పజెప్పాను. మాటిమాటికీ సర్దాల్సిన చోట ఫ్లాట్ పాయింట్, ముందే గుంట చేసిన చోట కోన్, షాఫ్టులో బెజ్జం ఉంటే డాగ్, గీత పడకూడదంటే ఇత్తడి మొనదో నైలాన్ మొనదో, పుల్లీకి మాత్రం కప్ పాయింట్; దాని అంచు షాఫ్టుని కొరికి పట్టుకుంటుంది. అతను నోరు మూసుకుని నల్ల అల్లాయ్ స్టీల్‌ది తీశాడు. నేను పక్క డబ్బాలో మిలమిలలాడుతున్న స్టెయిన్‌లెస్ స్టీల్‌ది చూపించాను. తుప్పు పట్టదన్నది పైకి చెప్పిన సాకు. అందంగా ఉందన్నది అసలు సంగతి. జన్మలో ఎవరి కంటా పడని చోట ఉండేదానికి అందం!

నవ్వకండి. రంగు చూసి మామిడిపండు కొని, ఇంటికొచ్చి మొహం పులుపెక్కించుకోనివాళ్లు మీలో ఎవరు?

రాత్రి మావగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ప్రేక్షకులుంటే నేను ఊరుకోలేను. "పూర్వం వీటికి నలుపలకల తల పొడుచుకొచ్చి ఉండేదండీ. తిరిగే షాఫ్టు మీద అది కార్మికుల బట్టలు పట్టి లాగేసేది. అందుకే తల తీసేసి లోపల గుంట పెట్టారు. 1910లో అమెరికాలో విలియం అలెన్ అనే ఆయన ఆరు పలకల గుంటతో వీటిని తయారుచేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అలెన్ కీ అంటే..." అంటూ స్విచ్చేశాను. రాయి తిరిగింది, కాలరెగరేశాను, రాయి ఆగింది, బిగించాను, తిరిగింది, ఆగింది, కీకి పైపు తొడిగి ఒంట్లో బలమంతా పెట్టాను, కిర్రుమంది, గుంటలో ఆరు పలకలూ అరిగి గుండ్రమయ్యాయి, కీ జారింది, మోచెయ్యి గిన్నెకి తగిలింది, నానిన మినప్పప్పు మొత్తం మావగారి తెల్లపంచె మీద!

పొద్దున్నే మెకానిక్ వచ్చాడు. "స్టెయిన్‌లెస్ మెత్తన సార్, షాఫ్టుని కొరకలేదు. నల్లదైతే వేడిచేసి గట్టిపరిచిన ఉక్కు" అన్నాడు. అరిగిన స్క్రూని డ్రిల్లింగ్ చేసి తీశాడు. షాఫ్టు మీద ఆకురాయితో కాస్త చదును చేశాడు, స్క్రూ అక్కడ కుదురుగా కూర్చోవాలని. అదురుకి వదులవకుండా మరలకి నీలం రంగు థ్రెడ్‌లాకర్ చుక్క వేశాడు. ఆఖర్న "పాత స్క్రూ ఉందా సార్? అదే సరిపోయేది" అన్నాడు. నేను గోడ క్యాలెండర్ చాలా శ్రద్ధగా చదివాను.

ఇడ్లీల బదులు ఉప్మా తింటూ మావగారన్నారు: "అల్లుడుగారూ, రాత్రి అలెన్ గారి కథ మధ్యలో ఆగిపోయింది."

సిగ్గులేదు కదా, పూర్తి చేశాను.