క్రూజు ఖర్చు: సటీకా తాత్పర్యము

భ్రమరాంబా మల్లికార్జునులకు దండం పెట్టుకొని, మా నాయన ఖర్చుల పుస్తకంలో ఒకే ఒక పుటకు టీక రాయబూనుతున్నాను. మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది రాయనని, అక్కర లేనిది చెప్పనని పూనిక పట్టాడు. ఆయన ముందర కాళిదాసు ఉన్నాడు కాబట్టి అది చెల్లింది. నా ముందర ఉన్నది చాపాడు దిక్కు రైతు. మూడు మాటలకు మించి రాస్తే పెన్సిలు అరుగుతుందని భయపడే మనిషి. మూలంలో ఉన్నంతే రాస్తానంటే ఈ టీక ఇక్కడే అయిపోతుంది.

సూరి తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టాడు. నేను దీనికి ‘లైఫ్ జాకెట్’ అని పెట్టుకుంటున్నాను. కారణం మొదటి సూత్రంలో తెలుస్తుంది.

ప్రతి ఒక్కటే. ఎరువుల అంగడివాళ్లు ఉగాదికి పంచిన పొడుగు పుస్తకం, ఎర్ర అట్ట. ఈ పుటలో ఎడమ పక్కన నూనె మరక ఉంది. అది పులిహోరదని అమ్మ, పడవ ఇంజనుదని చిన్నాయన. వాసన చూసి తేల్చే కాలం దాటిపోయింది.

శీర్షిక: క్రూజు ఖర్చు.

టీక: క్రూజు = పాతాళగంగ నుంచి అక్కమహాదేవి గుహల దాకా మోటారు పడవలో పోయి రావడము; ఖర్చు = ఖర్చే.

తాత్పర్యం: ‘క్రూజు’ నాయన మాట కాదు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మా చిన్నాయన మాట. అక్కడి సముద్రం ఒడ్డున తెల్లటి ఓడలను రోజూ చూస్తూ, ఒక్కటీ ఎక్కకుండా ఏళ్లు గడిపినవాడు. “ఈసారి అందరినీ క్రూజుకు తీస్కపోతా” అన్నాడు. మైదుకూరులో బస్సెక్కి ఆళ్లగడ్డ, నంద్యాల, ఆత్మకూరు మీదుగా దోర్నాల చేరాం. అడవిలో పులులుంటాయని అక్కడి గేటు రాత్రి తొమ్మిదికి మూసేస్తారు. మేము తొమ్మిదికి అయిదు నిమిషాల ముందర దాటాం. ఆ అయిదు నిమిషాలు తన చలవేనని డ్రైవరు, తన మొక్కు చలవేనని జేజి. జేజి మొక్కుల సంగతి ముందు ముందు చాలా వస్తుంది.

మర్నాడు రోప్‌వేలో పాతాళగంగకు దిగాం. శ్రీశైలానికి మెట్లు కట్టించిన పుణ్యం ప్రోలయ వేమారెడ్డిది. గాజు డబ్బాలో కూర్చుని, కాళ్లు కదపకుండా కిందికి పోతున్నందుకు జేజి ఆ రెడ్డిరాజుకు గాలిలోనే దండం పెట్టి క్షమించమంది. దిగాక నీళ్లను చూసి, “పాతాళగంగ పాతాళంలో ఉండాల గదరా, ఇదేంది ఇంత పైకొచ్చింది?” అని నాయనను నిలదీసింది. “డ్యామ్ కట్టినారు గదమ్మా” అన్నాడు నాయన. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట సంగతి నాయనకు తేదీలతో సహా తెలుసు. నెహ్రూ అయినా సరే, గంగను ఇట్లా పైకి లాగడం ఆమెకు నచ్చలేదు.

ఇక పూర్వపక్షం. మా హైదరాబాదు బంధువుల పిల్లలు, 2022 జూన్‌లో విశాఖ రేవుకు ఎంప్రెస్ అనే విహారనౌక వచ్చినప్పుడు, దాని బొమ్మలు చూపించి, “ఇదీ క్రూజంటే, మీది ఉత్త పడవ” అన్నారు. దీనికి సిద్ధాంతం: అమరసింహుడు పడవకు నౌ, తరణి, తరి అని పేర్లిచ్చాడు గానీ అంతస్తులు లెక్కపెట్టలేదు. డబ్బు కట్టి, పని లేకుండా నీళ్ల మీద పోయి, ఎక్కినచోటే దిగితే అది క్రూజు. మాది క్రూజే.

సూత్రం 1: జాకెట్లు 6. అమ్మ వద్దనె.

టీక: జాకెట్లు = నారింజరంగు తొడుగులు, లోపల దిమ్మెలు, ముందర బెల్టులు గలవి; 6 = నాయన, అమ్మ, జేజి, చిన్నాయన, నేను, చెల్లెలు; అమ్మ = మూలకర్త అమ్మ, అంటే మా జేజి; వద్దనె = వద్దన్నది ఒక్కసారి కాదు.

తాత్పర్యం: మా జేజి రవిక ఎరగని తరం మనిషి. చీర కొంగే ఆమెకు రవిక, దుప్పటి, తువ్వాలు. పడవలోని పిల్లోడు వచ్చి, “అవ్వా, జాకెట్ ఏసుకో” అన్నాడు. జేజి వాణ్ని పైనుంచి కిందికి చూసింది. “నా పెండ్లికే ఏసుకోలేదు, నీ పడవకు ఏసుకోవాల్నా?” అంది. వాడు రూలు చెప్పాడు. నాయన బతిమాలాడు. చిన్నాయన కువైట్‌లో ముసలామెలందరూ వేసుకుంటారని అబద్ధమాడాడు. చివరికి దాన్ని తొడుక్కోకుండా ఒళ్లో పెట్టుకొని, చంటిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకొని కూర్చునేట్టు రాజీ కుదిరింది.

విశేషం: ఈ సూత్రం ఇంట్లో ఇప్పటికీ తగువు తెస్తుంది. పాత పుస్తకం తీసినప్పుడల్లా అమ్మ ఇక్కడ ఆగి, “ఆరు జాకెట్లు ఎవురికి కుట్టించినావు?” అంటుంది. ఎదురుగా కుట్టుకూలి రాసి లేకపోవడంతో అనుమానం ఇంకా పెరుగుతుంది.

సూత్రం 2: పుట్టి ఎదురాయె.

టీక: పుట్టి = వెదురు అల్లి, అడుగున పట్ట కట్టి, నీళ్లు చొరకుండా చేసిన గుండ్రటి పడవ, చేపలు పట్టేవాళ్లది; ఎదురాయె = ఎదురైంది.

తాత్పర్యం: ఇక్కడ శ్లేష ఉంది. మూలకర్తకు తెలియకుండా పడ్డ శ్లేష కాబట్టి మరింత అందం. పుట్టి అంటే జన్మించి అని ఒక అర్థం. ఇరవై తూముల ధాన్యం అని ఇంకొకటి. జేజికి తెలిసిన పుట్టి రెండోదే. “ఎన్ని పుట్ల నీళ్లురా ఇవి!” అని ఆమె అంటుండగానే నిజం పుట్టి ఎదురొచ్చింది. ఈ జలాశయం మీద చేపలు పట్టేవాళ్లలో కోస్తా నుంచి తరలివచ్చి లింగాలగట్టు దగ్గర నిలదొక్కుకున్నవాళ్లు చాలామంది. ఈయన ఒక్కడే, నడుమ గొంతుకూర్చుని ఉన్నాడు. చిన్నాయన చెయ్యి ఊపాడు. ఆయన తెడ్డు ఎత్తి పలకరించాడు. తెడ్డు ఎత్తేసరికి పుట్టి ఒక చుట్టు తిరిగి ఆయన వీపు మావైపు వచ్చింది. చుట్టు పూర్తయ్యేదాకా ఓపిక పట్టి, మళ్లీ మా ముఖాలు కనపడ్డాక, నవ్వు ఎక్కడ ఆపాడో అక్కడి నుంచి నవ్వాడు.

సూత్రం 3: చెనిక్కాయలు శేరు.

పాఠాంతరం: ‘చెనిక్కాయలు’ మీద అడ్డగీత, పైన వేరే దస్తూరీలో ‘బుడ్డలు’. దస్తూరీ అమ్మది. అమ్మ పుట్టిల్లు కర్నూలు దిక్కు, నంద్యాల పక్కన. కడప చెనిక్కాయలకు, కర్నూలు బుడ్డలకు పెండ్లయిన నాటి నుంచీ రాజీ కుదరలేదు. కొన్న శేరులో సగం కోతులు తిన్నాయి. అవి ఏ మాటకూ అడ్డు చెప్పలేదు.

సూత్రం 4: నడుమ నిలిచె. 20 ని.

టీక: నడుమ = రెండు కొండల మధ్య, ఒడ్డు ఎటు చూసినా దూరంగా; నిలిచె = ఆగింది; 20 ని. = ఇరవై నిమిషాలు, చిన్నాయన కువైట్ వాచీ ప్రకారం.

తాత్పర్యం: ఏది నిలిచిందో సూత్రంలో లేదు. ఇంజను అని నాయన. ఊపిరి అని అమ్మ. నేను రెంటినీ ఒప్పుకుంటాను. ఆ పడవ ఎవరిదో కూడా మూలంలో లేదు, టీకాకారుడూ చెప్పడు. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి దగ్గలేక ఊరుకుంది. అప్పుడు తెలిసింది నల్లమల ఎంత నిశ్శబ్దమో. తరణి అంటే పడవ, తరణి అంటే సూర్యుడు. కిందిది కదలకుండా, పైది కదలకుండా, నడుమ మేము వేగిపోయాం. సరంగు మూత తీసి లోపలికి తొంగిచూస్తూ, “ఏం కాదు, ఏం కాదు” అన్నాడు. ఏం కాదని అంతసేపు చెప్పే మనిషిని ఎవరు నమ్ముతారు?

జేజి మొక్కుకుంది. మల్లన్నకు కాదు, సంగమేశ్వరుడికి. ఈ జలాశయం ఎగువన, 1981 ప్రాంతంలో వందకు పైగా ఊళ్లు నీళ్ల కింద పోయినప్పుడు, సంగమేశ్వరం గుడి కూడా మునిగింది. ఏటా వానకాలం మునుగుతుంది, నీళ్లు తగ్గితే వేసవిలో తేలుతుంది. మునిగి తేలడం తెలిసిన దేవుడు ఆయనే గదా అని జేజి తర్కం. దానికి ఏ శాస్త్రి దగ్గరా ఖండన లేదు. మొక్కు మాత్రం తన తల వెంట్రుకలు కాదు. “నా చిన్నోడి జుట్టు ఇస్తా సామీ!” అని గట్టిగా అంది. పక్కనే ఉన్న చిన్నోడిని అడగలేదు. వచ్చే గురువారం ఆ చిన్నోడికి పెండ్లిచూపులు. అతను నోరు తెరిచే లోపల ఇంజను అందుకుంది.

సూత్రం 5: గుహ. వంగల. అమ్మ కూచునె.

టీక: వంగల = వంగాలి; కూచునె = కూర్చుంది, లోపలికి రాలేదు.

తాత్పర్యం: ముందర సహజంగా ఏర్పడిన పెద్ద రాతి తోరణం. లోపల వంగి, పక్కకు తిరిగి, టార్చిలైటు వెలుగులో పోతే చివర లింగం. పన్నెండో శతాబ్దంలో కన్నడదేశం నుంచి నడిచి వచ్చిన అక్కమహాదేవి తపస్సు చేసిన చోటు అంటారు. రాజును, రాజుగారి ఇంటిని, ఒంటి మీది బట్టను కూడా వదిలి, వెంట్రుకలే వస్త్రంగా వచ్చిందని గైడు చెప్పాడు. బయట బండ మీద కూర్చున్న జేజి అది విన్నది. ఒళ్లోని నారింజ జాకెట్‌ను పడవ పిల్లోడి మీదికి విసిరి, “ఇన్యావా? అంత తల్లికే పనికిరాంది నాకెందుకురా?” అంది. వాడు తిరుగు ప్రయాణంలో రూలు ఎత్తలేదు.

సూత్రం 6: గుండు 1.

టీక: గుండు = బండరాయి, ఫిరంగిలో పెట్టే ఉండ, వెంట్రుకలు తీసిన తల. ప్రకరణాన్ని బట్టి మూడోది గ్రాహ్యం.

తాత్పర్యం: సంగమేశ్వరానికి మొక్కిన జుట్టు శ్రీశైలం కల్యాణకట్టలో ఇవ్వొచ్చునా అని చిన్నాయన సందేహం లేవనెత్తాడు. లోపల గుడి మునిగి ఉంది, పైన దేవుళ్లిద్దరూ ఒకటే అని జేజి తేల్చింది. గురువారం పెండ్లిచూపులకు గుండుతోనే పోయాడు. కువైట్ సంబంధమంటే భయపడుతున్న పిల్ల తల్లిదండ్రులు, గుండు చూసి భక్తిపరుడని కుదిరిపోయారు. ఆ పిల్ల మా చిన్నమ్మ. నిజం ఆమెకు తొమ్మిదేళ్ల తర్వాత చెప్పారు.

పుట అంచున, పుస్తకం అడ్డంగా తిప్పి రాసినది: 878.

టీక: క్రియ లేదు, రూపాయి గుర్తు లేదు.

తాత్పర్యం: ఇది ఖర్చు కాదు. ఈ అంకె ఎప్పుడు రాశాడో పుస్తకం చెప్పదు, నేను చెప్తాను. ఆ ఇరవై నిమిషాల్లో. అమ్మ కళ్లు మూసుకొని, జేజి మొక్కుతూ, చిన్నాయన జుట్టు తడుముకుంటూ ఉన్నప్పుడు, నాయన లేచి సరంగు దగ్గరికి పోయాడు. ఇంజను గురించి అడుగుతాడనుకున్నాం.

“లెవెలు ఎంతుండాదప్పా?”

“ఎనిమిదినూర్ల డెబ్బయ్యెనిమిది అంటుండారు పెద్దాయనా.”

నాయన వెనక్కి వచ్చి కూర్చున్నాడు. జలాశయం నిండితే 885 అడుగులు. 854కు తగ్గితే పోతిరెడ్డిపాడు తూములకు నీళ్లు సరిగా అందవు. సీమలో పేపరు చదివే ప్రతి రైతుకూ ఈ రెండంకెలు బిడ్డల పుట్టినరోజుల కంటే బాగా గుర్తు. మాది కె.సి. కెనాల్ చివరాయకట్టు. ఆ కాలువను 1863లో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వడం మొదలుపెట్టింది, సాగుకే కాదు, కర్నూలు నుంచి కడప దాకా పడవలు నడపడానికి కూడా. ఆదాయం రాక 1882లో సర్కారుకు అప్పజెప్పింది. మా తాత తండ్రి కాలువలో పడవ చూశాడని జేజి అంటుంది. నాయన చూసింది మాత్రం కాలువలో కంపచెట్లు. నీళ్లొచ్చిన ఏడు వరి, రాని ఏడు అదే మడిలో ఏదో ఒకటి.

అందుకని అందరూ కొండలను చూస్తుంటే ఆయన నీళ్లను చూశాడు. పడవ నిలిచి ఉంది కాబట్టి పక్కకు వంగితే చెయ్యి అందింది. వేలు ముంచి, మా ఇద్దరి మధ్య ఉన్న చెక్క బల్ల మీద తడి గీత గీశాడు. “ఇది పోతిరెడ్డిపాడు.” మళ్లీ ముంచాడు. “ఈడ బనకచర్ల. ఈడి నుంచి నిప్పులవాగు. ఇట్లొచ్చి కుందూ. ఇది రాజోలి ఆనకట్ట.” వేలి వెనక గీత పోతోంది. ముందరిది ఎండకు ఆరిపోతోంది. పడవ పిల్లోడు అరిచాడు, “పెద్దాయనా, చెయ్యి లోపలికి!”

నాయన చెయ్యి లోపలికి తీసుకున్నాడు. బల్ల మీద చూస్తే రాజోలి దగ్గర చిన్న చుక్క మాత్రం మిగిలింది, మా ఊరికి ఇంకా జానెడు దూరం. వాడు అటు తిరగగానే నాయన మళ్లీ వేలు ముంచాడు.