పాలకూరకు రసీదు

ఆరోగ్యమునకై కేటాయించిన ధనమును దేనిపై వెచ్చింపవచ్చును, దేనిపై వెచ్చింపరాదు అను మహాప్రశ్నకు సమాధానము వెదకువారు కాశీకి పోనక్కరలేదు. హైదరాబాదులోని తార్నాక కూడలిలో నిలిచి, ఒకచేత 1944 నాటి కేంద్రోద్యోగుల వైద్యసేవా నిబంధనలను, వేరొకచేత ఉస్మానియా ప్రాంగణము చెంతనే వెలసిన జాతీయ పోషకాహార సంస్థవారి మార్గదర్శకములను పట్టుకొని చదివిన చాలును. ప్రధానముగా ఆహారమైనవియు, టానిక్కులును, సబ్బుల వంటి స్నానసామగ్రియు, క్రిమిసంహారకములును మందులు కానేరవనియు, వాని వెల తిరిగి చెల్లింపబడదనియు మొదటి గ్రంథము శాసించుచున్నది. రోజునకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 85 గ్రాముల పప్పో మాంసమో తినుడని రెండవది బ్రతిమాలుచున్నది. దేశపు వ్యాధిభారములో 56.4 శాతము చెడు ఆహారము పుణ్యమేనని 2024లో లెక్కగట్టి మరీ చెప్పినది. రెండింటికిని తండ్రి ప్రభుత్వమే. బిడ్డల నడుమ మాత్రము మాటలు లేవు.

ఈ సంస్థ పుట్టుకయే నిబంధనలకు విరుద్ధము. 1918లో కూనూరులో మెకారిసన్ దొర ఒంటిగదిలో బెరిబెరి రోగమును పరిశోధించుటతో మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరు ధరించిన ఈ విద్యాపీఠము శతాబ్దకాలముగా బోధించుచున్నది ఏమనగా, మరపట్టిన బియ్యమునుండి రాలిపోయిన తవుడులో బెరిబెరికి విరుగుడు ఉన్నదని. కాని తవుడు ఆహారము, కనుక అనర్హము. అందలి తయమినే మాత్రగా మారి, రేకు చుట్టుకొని, మందులషాపులో ఆసీనమై, వైద్యుని చీటీని వెంటబెట్టుకొని వచ్చినచో దానికి ఫైలులో చోటు దొరకు ఆశయైనను కలదు. పాలకూర చేసిన నేరమెల్ల రైతుబజారులో రసీదు లేకుండ అమ్ముడుపోవుటయే.

ఇంగ్లండువారు ఇందుకు విపరీతముగా పోయినారు. దీర్ఘరోగికి వ్యక్తిగత ఆరోగ్య బడ్జెట్టు అనుపేర సొమ్ము అప్పగించి, 2014 నుండి కొందరికి దానిని హక్కుగానే చేసి, మద్యము, పొగాకు, జూదము, అప్పుల చెల్లింపు తప్ప, చికిత్సా ప్రణాళికలో ఒప్పుకొన్న దేనికైనను వాడుకొమ్మనిరి. గుఱ్ఱపుస్వారీకిని, వేసవి కుటీరమునకును కొందరు వెచ్చించిరని మరుసటి యేడు ఒక వైద్యపత్రిక బయటపెట్టగా గగ్గోలు పుట్టినది. చూచితిరా, పగ్గము వదలిన ఇంతే, బిల్లుతో బిగించిన మన పద్ధతియే శ్రేష్ఠమని మన నియమపాలకులు మీసము దువ్వవచ్చును.

బిగించిన పగ్గము సాధించినదేమో అప్పటి మార్చి నెలలనే అడుగవలెను. 2018 వరకు ఏటా 15,000 రూపాయల వైద్యవ్యయమునకు బిల్లులు చూపిన ఉద్యోగికి ఆ మేరకు ఆదాయపన్ను లేదు. ఫాల్గుణము ముదిరి మామిళ్లు పూచువేళకు, పదునొకండు నెలలు తుమ్మియెరుగని దృఢకాయులు సైతము హఠాత్తుగా జ్వరపడి, అజీర్ణపడి, కీళ్లు పట్టి, మందులషాపుల ముందు బిల్లులకై బారులు తీరుచుండిరి. మందులు మాత్రము ఎవరికిని అక్కరలేదు. నాటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ 2018 బడ్జెట్టులో ఈ మినహాయింపును తొలగించి, దానికిని రవాణా భత్యమునకును మారుగా 40,000 రూపాయల స్థిర తగ్గింపును ప్రకటింపగా, మరుసటి మార్చికి ఆ మహమ్మారి మాయమైనది. ఒక్క కలముపోటున ఇందరిని స్వస్థులను గావించినవాడు ధన్వంతరి తరువాత ఆర్థికమంత్రియే. గుఱ్ఱమెక్కిన ఆంగ్లేయుడు నిజముగా గుఱ్ఱమైనను ఎక్కినాడు. మనవాడు మింగని మాత్రకు బిల్లు దాచినాడు.

ఇక నడక. ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్స్ కళాశాల ముందు వేకువనే చెవులకు మఫ్లరు చుట్టి నడచు పెద్దలు, నాకు తెలిసినంతలో, ఈ నగరమున మిక్కిలి చౌకగా మధుమేహముతో పోరాడుచున్న సైన్యము. 2022లో ఆ నడకకు నెలకు 200 రూపాయల రుసుము విధింప విశ్వవిద్యాలయము తలపెట్టినప్పుడు వారు మండిపడిరి గాని, అందలి సదవకాశమును గుర్తింపలేదు: నడకకు మొట్టమొదటిసారి రసీదు పుట్టబోవుచుండెను! ఆ రసీదును జతపరచి దరఖాస్తు పెట్టిన పెద్దమనిషికి ఎట్టి ప్రత్యుత్తరము వచ్చియుండునో ఊహించుట కష్టము కాదు. తాము ఏ వ్యాధికై నడచుచున్నారో, అది నడకకు పూర్వమే సంక్రమించినట్లు అధీకృత వైద్యుని ధ్రువపత్రముతో నిరూపింపవలెను. నడచుచు నడచుచు వ్యాధి నెమ్మదించినచో క్లెయిము చెల్లదు. నడక మాని ఆసుపత్రిలో చేరినచో, తగిన ప్రతులతో మరల దరఖాస్తు చేసికొనవచ్చును.